వేసవి మంటకు చలికాలంలోనే తీర్మానం

(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు లెక్కలు, స్త్రీనిధి బకాయిలు, బ్యాంకు లింకేజీ గురించి మన అధ్యక్షురాలక్క ఇప్పటికే చెప్పారు. మాకిచ్చిన సమయంలో మేము అడవి మంటల గురించి మాట్లాడతామంటే, "అది ఫారెస్టోళ్ళ పని గదా, పొదుపు సంఘానికేం సంబంధం" అని కొందరు అడిగారు. అడగాల్సిన మాటే. దానికి జవాబు ముందు చెప్పి, తరవాత మిగతా సంగతికి వస్తాం.

సంబంధం మన అప్పుల పుస్తకంలోనే ఉంది. దోర్నాల, యర్రగొండపాలెం, పుల్లలచెరువు, అర్ధవీడు, రాచర్ల, గిద్దలూరు, ఏ మండలం తీసుకున్నా కొండ కింది ఊళ్ళలో గొర్రెలకూ మేకలకూ బర్రెలకూ అప్పు తీసుకోని సంఘం ఉండదు. సంక్రాంతి దాటితే చేలల్లో మేత అయిపోతుంది. అప్పటి నుంచి తొలకరి దాకా జీవాలు బతికేది కొండ వార ఎండు గడ్డి మీద, రాలిన ఆకూ కాయా మీద. అది ఒక్క మధ్యాహ్నం తగలబడిందంటే ఆ తరవాత మేత కొనాలి. కొనలేనోళ్ళు జీవాల్ని వచ్చిన కాడికి అమ్ముకుంటారు. జీవాలు పోతాయి, అప్పు మాత్రం అట్లనే ఉంటది. ఆ నెల కిస్తీ కట్టలేదని మనం మీటింగులో ఆ చెల్లెల్ని నిలబెట్టి అడుగుతాం. ఆ బాకీ ఎక్కడ పుట్టిందో మాత్రం ఏ పుస్తకంలోనూ రాసుకోం.

రెండో సంబంధం నీళ్ళు. మన పడమటి ప్రకాశంలో నీళ్ళ కష్టం గురించి ఎవరికీ చెప్పనక్కరలేదు. గుండ్లకమ్మ పుట్టేది నల్లమలలో, గుండ్లబ్రహ్మేశ్వరం కాడ. ఆ కొండల్లో పడ్డ వాననే మోసుకొచ్చి కంభం చెరువు నింపుతుంది. వరదరాజమ్మ కట్టించిందని మన పెద్దలు చెప్పుకునే ఆ చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడం అని గుర్తింపు వచ్చింది. గుర్తింపు వచ్చింది గానీ చెరువు నిండాలంటే కొండ బాగుండాలి. రాలిన ఆకు కొండకు దుప్పటి లాంటిది. వాన ధారను ఆపి, నీటిని మెల్లగా నేలలోకి ఇంకనిస్తుంది. ఆ దుప్పటి కాలిపోయిన ఏడు, మొదటి పెద్ద వానకే బూడిదా మట్టీ కలిసి వాగులో పడి చెరువులోకి వస్తాయి. చెరువులో పూడిక పెరుగుతుంది, కొండ కింద బోర్లకు ఊట తగ్గుతుంది. ట్యాంకరు కోసం బిందెలు పట్టుకొని నిలబడేది ఎవరో మీకు తెలుసు.

ఇంకోటి కూడా ఉంది. కింద గడ్డీ మొలకా కాలిపోతే జింకలు, అడవి పందులు చేల మీదికి దిగుతాయి. వాటెంబడి చిరుతలు వస్తాయి. మన పక్కనున్న నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోనే పెద్దది. అడవిలో తిండి ఉన్నంతవరకూ అవి అక్కడ, మనం ఇక్కడ.

ఇక మంట ఎట్లా పుడుతుంది? వెదుర్లు రాసుకొని నిప్పు పుడుతుందని చిన్నప్పుడు విన్నాం. పిడుగు పడి అంటుకోవాలన్నా ఫిబ్రవరి, మార్చి నెలల్లో మనకు పిడుగులెక్కడివి? నల్లమలలో వచ్చే మంటలు దాదాపు అన్నీ మనుషుల చేతి మీదుగా వచ్చేవే. కొత్త చిగురు వస్తుందని గడ్డికి నిప్పు పెట్టేవాళ్ళున్నారు. ఇప్పపువ్వు ఏరుకోవడానికి నేల శుభ్రంగా ఉండాలని చెట్టు కింద ఆకు కాల్చేవాళ్ళున్నారు. తునికాకు బాగా లేత వేస్తుందని పొదలు కాల్చేవాళ్ళున్నారు. తేనె తీయడానికి పట్టుకెళ్ళిన కాగడా సగం ఆరిపోయాక అక్కడే పారేసి వచ్చేవాళ్ళున్నారు. శివరాత్రికి శ్రీశైలం పోయే బండ్లు దోర్నాల ఘాటులో ఆగుతాయి. దారి పక్కన మూడు రాళ్ళు పెట్టి వండుకొని, పొయ్యి ఆర్పకుండా బండెక్కి పోతారు. శనివారం నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడికి పోయేవాళ్ళలోనూ అట్లాంటివాళ్ళు ఉంటారు. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే ఘాటు దారిలో లారీ కిటికీలోంచి విసిరిన బీడీ ముక్క చాలు.

వీటన్నిటికన్నా మనం తక్కువగా మాట్లాడేది ఒకటుంది. అది మన చేలల్లో పెట్టే నిప్పు. గ్యాసు రాకముందు పత్తి కట్టె, కంది కట్టె మోపులు కట్టి ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. ఏడాది పొయ్యికి అదే. ఇప్పుడు కంది కట్టె ఇంకా కొందరు తెస్తున్నారు గానీ, పత్తి కట్టె మోసేవాళ్ళు లేరు. పీకి కుప్పేసి చేనులోనే అంటిస్తారు. గట్టు మీద గడ్డి కూడా దాంతో పాటే. అడవి అంచున ఉన్న చేనులో మిట్టమధ్యాహ్నం కుప్పకు నిప్పు పెట్టి, అన్నం తినడానికి ఇంటికొచ్చిన మగవాళ్ళను మనమే ఎన్నిసార్లు చూడలేదు? మంట గట్టు దాటి బోద గడ్డిలో పడితే ఇంక దాని వెంట పరుగెత్తగలిగే మనిషి లేడు.

ఇంత జరుగుతుంటే, అడవి తగలబడిందనగానే అందరి నోటా వచ్చే మొదటి మాట "చెంచులు పెట్టుంటారు" అని. ఆ మాట ఇక మన మీటింగుల్లో వినబడకూడదు. అడవి కాలితే అందరికన్నా ముందు పోయేది వాళ్ళ తేనె, వాళ్ళ బంక, వాళ్ళ గడ్డలు, వాళ్ళ గుడిసె మీద కప్పుకునే బోద. బేస్ క్యాంపుల్లో వాచర్లుగా రాత్రింబవళ్ళు తిరిగేవాళ్ళలో ఎంతమంది చెంచులో వెళ్ళి చూడండి. మంట ఆర్పడానికి ముందుగా పోయేది కూడా వాళ్ళే. 2006 అటవీ హక్కుల చట్టంలో హక్కులు ఇవ్వడమే గాదు, అడవిని కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చారు. కాబట్టి మనం వేసుకునే ప్రణాళికలో గూడెం సంఘాల అక్కలు ముందు వరసలో కూచోవాలి. పిలిచి వెనక బెంచీలో కూచోబెట్టడం గాదు.

గూడెంలో పెద్దవాళ్ళు ఒక మాట చెప్తారు. మంచు పదును ఉన్నప్పుడు చిన్న మంట పెడితే వేసవిలో పెద్ద మంట రాదు అని. ఇది కొట్టిపారేసే మాట గాదు. ఆస్ట్రేలియాలో అక్కడి ఆదివాసులు వేల ఏళ్ళుగా ఇట్లనే చేశారు, ఇప్పుడు అక్కడి ప్రభుత్వాలు కూడా వాళ్ళను పిలిచి నేర్చుకుంటున్నాయి. మన ఫారెస్టు వాళ్ళు చలికాలం చివర్లో ఫైర్ లైన్ల మీద చెత్త కాల్చేది కూడా ఆ లెక్కనే. అయితే అది ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ఎదుట అన్నది గూడెం పెద్దలూ రేంజర్ గారూ కూచొని తేల్చుకోవాల్సిన సంగతి. 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరం. మంచి ఉద్దేశంతో పెట్టాం అంటే కేసు పోదు.

ఇప్పుడు అసలు గొడవకొస్తాం. పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది, గుర్తుందా? ఏ సభ్యురాలి ఇంట్లోవాళ్ళు నిప్పు పెట్టినట్టు తెలిసినా ఆమెకు మూడేళ్ళు అప్పు ఆపాలి అని. అప్పుడు చాలామంది చప్పట్లు కొట్టారు. ఈసారి మళ్ళీ అది ఎజెండాలో ఉంది. మా గ్రామ సంఘం దానికి ఒప్పుకోవడం లేదు. ఎందుకో చెప్తాం, విన్నాక మీ ఇష్టం.

కుప్పకు నిప్పు పెట్టేది మొగుడో మామో. అప్పు ఆగేది ఆడమనిషికి. ఆమె మాట ఇంట్లో చెల్లుబాటయ్యేదే సంఘం అప్పు తెస్తుందని. అదీ ఆపేస్తే ఆమె రేపు ఆయనకు ఏం చెప్పగలదు? పైగా శిక్ష పెట్టిన రోజు నుంచి ఎవరూ నోరు తెరవరు. ఈరోజు పొగ కనబడితే "ఫలానా చేను కాడ అంటుకుంది, రండి" అని అరిచే మనిషి, రేపు పక్కింటామె అప్పు ఆగిపోతుందని తలుపేసుకొని కూచుంటుంది. మంట విషయంలో అరగంట ఆలస్యం ఎంతదో మీకు తెలుసు. సారా ఉద్యమం రోజుల్లో మన ముందు తరం ఆడవాళ్ళు గెలిచింది ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకొని గాదు, అందరూ కలిసి దుకాణం ముందు కూచొని.

దానికి బదులు మేము అడిగేది వేరే తీర్మానం. అడవి అంచున చేను ఉన్న ప్రతి సభ్యురాలూ కట్టె కాల్చాలనుకుంటే ఒకరోజు ముందు గ్రామ సంఘానికి చెప్పాలి. చెప్తే నలుగురు తోడొస్తారు. గాలి లేని పొద్దుటి పూట, చుట్టూ దున్నిన చాలు వేసి, మందు కొట్టే ట్యాంకులో నీళ్ళు నింపుకొని, కుప్ప పూర్తిగా ఆరేదాకా ఉండి వస్తారు. అసలు కాల్చకుండా ఉండే దారి కూడా చూడాలి. మన మండలాల్లో అద్దె యంత్రాలు ఉన్నచోట పత్తి కట్టెను ముక్కలు చేసి నేలలో కలిపే యంత్రం కావాలని సమాఖ్య తరఫున అడుగుదాం. అద్దె ఎంత, ఎకరాకు ఎంత పడుతుంది అన్నది తేలాకే దీన్ని నెత్తికెత్తుకోవాలి. చేతిలో డబ్బు లేని రైతుకు అగ్గిపెట్టె రెండు రూపాయలు, యంత్రం వందల్లో. ఆ తేడాకు సమాఖ్య నిధి నుంచి మొదటి ఏడు కొంత ఇవ్వగలమా అని మేము అడుగుతున్నాం.

ప్రణాళిక ఎప్పుడు? ఎండ ముదిరాక గాదు. మన దగ్గర మంటల కాలం ఫిబ్రవరి నుంచి మే దాకా. అందుకని కార్తీకంలోనే మొదలుపెట్టాలి. మా ఊళ్ళో ఎట్లా చేస్తున్నామో చెప్తాం. రచ్చబండ కాడ నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీసుకున్నాం. కొండ, వాగు, జీవాలు పోయే దారి, అడవి అంచు చేలు, నీళ్ళుండే గుంటలు, ఎండిపోయే గుంటలు, గుడిసెలు, గడ్డివాములు, మంచం దిగలేని ముసలివాళ్ళు ఉండే ఇళ్ళు. ఏ దిక్కు నుంచి గాలి వస్తే మంట ఊరి మీదికి దిగుతుందో పసుపుతో గీత గీశాం. చదువుకోని పెద్దమ్మలే మాకన్నా ఎక్కువ చెప్పారు. ఇరవై ఏళ్ళ కింద మంట ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో వాళ్ళకు గుర్తుంది. ఆ పటాన్ని ఫోనులో ఫోటో తీసి, కాగితం మీద ఎక్కించి బీట్ ఆఫీసరు గారికి ఇచ్చాం. మా ఊళ్ళో కొన్ని వామిలు కొండ వైపు నుంచి ఊరి లోపలికి మారాయి. అంత చిన్న పని మారడానికి పటం కావాల్సి వచ్చింది, నవ్వొస్తది గానీ నిజం.

ఫైర్ లైన్లు డిసెంబరు, జనవరిలో శుభ్రం చెయ్యాలి. ఎంత వెడల్పు, ఏ గట్టు వెంబడి అన్నది ఫారెస్టు వాళ్ళు చెప్పిందే లెక్క, మనం సొంతంగా చెట్లు కొట్టకూడదు. మనం అడగాల్సింది ఆ కూలి ఎవరికి పోతుంది అని. బయటి ఊరి నుంచి ముఠాను తెచ్చి చేయించే బదులు కొండ కింది సంఘాల వాళ్ళకే ఇవ్వమని, ఆడా మగా ఒకే కూలి ఇవ్వమని అడుగుదాం. తమ చేత్తో ఊడ్చిన లైను మీద బీడీ పారేస్తే ఊరుకునే ఆడమనిషి ఉండదు. 1992 నుంచి మనకు వన సంరక్షణ సమితులు ఉన్నాయి. చాలా ఊళ్ళలో ఇప్పుడు అవి పేరుకే ఉన్నాయి. మీ ఊళ్ళో సమితి ఉందా, అందులో ఆడవాళ్ళ పేర్లు ఎవరివి, వాళ్ళకు ఆ సంగతి తెలుసా, ఇంటికెళ్ళాక కనుక్కోండి.

ఇప్పుడు ఫోను మాట. డెహ్రాడూన్‌లో భారత అటవీ సర్వే సంస్థ ఉంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు వేడిని పసిగడితే, అది ఏ అడవిలో ఉందో లెక్కకట్టి ఫోనుకు మెసేజి పంపుతుంది. ఫారెస్టు వాళ్ళకే గాదు, పేరు నమోదు చేసుకున్న ఎవరికైనా వస్తుంది. ప్రతి గ్రామ సంఘంలో ఒక వీఓఏ, ఒక చదువుకున్న కోడలు నమోదు చేసుకుంటే చాలు. కానీ దాన్నే నమ్ముకోకూడదు. ఉపగ్రహం మన మీదుగా పోయేది రోజుకు కొన్నిసార్లే, చిన్న మంట దానికి కనబడదు. మంట చిన్నగా ఉన్నప్పుడు చూసేది మేకలు కాసే పిల్లగాడే, నన్నారి వేర్లకు పోయిన అక్కే. వాళ్ళు ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నది ముందే తేలి ఉండాలి. ఒకచోట ఫోన్ ఎత్తకపోతే రెండో నంబరు, అదీ ఎత్తకపోతే మూడోది. పోయిన వేసవిలో మేము చేసిన ఒక ఫోను ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు. ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. అందుకే ఇప్పుడు మూడు నంబర్లు బడి గోడ మీద రాయించాం. ఊరి మీదికి వస్తే 101, మనిషికి దెబ్బ తగిలితే 108.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. మన సంఘం ఆడవాళ్ళు కొండ మీది మంట ఆర్పడానికి పోకూడదు. ధైర్యం లేక గాదు. 2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో నడక యాత్రకు వెళ్ళినవాళ్ళు మంటల్లో చిక్కుకున్నారు. 20 మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో ఆడపిల్లలు ఎక్కువ. ఎండు గడ్డి ఉన్న వాలు అది. మంట పల్లానికి మెల్లగా దిగుతుంది, ఎత్తుకు మాత్రం మనిషి పరుగు కన్నా వేగంగా ఎక్కుతుంది, ఎందుకంటే కింది సెగ పైనున్న గడ్డిని ముందే ఎండబెడుతుంది. 2014 మార్చిలో తిరుమల శేషాచలం కొండలు తగలబడినప్పుడు హెలికాప్టర్లు తేవాల్సి వచ్చింది. అట్లాంటి మంటకు మన వేపమండలు ఏం చేస్తాయి?

మన పని కొండ కింద. చేను గట్టు మీద రాజుకున్న చిన్న మంటను పచ్చి మండలతో కొట్టి, మట్టి చల్లి ఆర్పడం. అదీ గాలికి ఎదురుగా నిలబడకుండా, కాలిపోయిన నేల వైపు నుంచి. ఒంటరిగా పోకూడదు, వెనక్కి వచ్చే దారి చూసుకోకుండా అడుగు ముందుకు వెయ్యకూడదు. ఎదురు మంట పెట్టడం అనేది శిక్షణ ఉన్న ఫారెస్టు వాళ్ళ పని, సినిమాలో చూసి మనం చేసేది గాదు. ఇంకొకటి, బట్టలు. మనం మీటింగులకు కట్టుకొచ్చే ఈ మెరిసే చీరలు ఒక్క నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. పాత నూలు చీరను బిగించి కట్టి, పైన మగవాళ్ళ నూలు చొక్కా వేసుకొని పోవాలి. కాలితే సిరా, పేస్టు, పేడ పూయొద్దు. చల్లని మంచినీళ్ళు ఒక 20 నిమిషాలు పోస్తూ, శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి. కడుపుతో ఉన్నవాళ్ళను, పసిపిల్లల్ని, ఉబ్బసం ఉన్నవాళ్ళను పొగ కనబడగానే ఊరికి అవతలి వైపు ఇంటికి పంపాలి. ఏ ఇంటికి అన్నది కూడా ముందే రాసుకోవాలి.

లైను పని అయినా, కుప్ప కాడ కాపలా అయినా, పంపించే ముందు ఆ సభ్యురాలికి సురక్ష బీమా ఉందో లేదో చూడండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 2 లక్షలు వస్తాయి. మే నెలాఖరుకు ఖాతాలో ఆ 20 రూపాయలు లేక బీమా ఆగిపోయినవాళ్ళు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వీఓఏ చెల్లెళ్ళు ఈ నెలలోనే పాసుపుస్తకాలు తిరగేసి చూడాలి.

శివరాత్రి గురించి ఒక మాట చెప్పి ముగిస్తాం. దోర్నాల వైపు సంఘాలు చలివేంద్రాలు ఎట్లాగూ పెడతాయి. ఆ చలివేంద్రం కాడే ఘాటు ఎక్కే ముందు వండుకోవడానికి ఒక చదును చోటు, నీళ్ళ డ్రమ్ము, ఇసుక పోసిన పాత డబ్బాలు పెడితే, పైన అడవిలో పొయ్యి పెట్టేవాళ్ళు తగ్గుతారు. "అడవిలో వండొద్దు" అని బోర్డు పెడితే ఎవరూ వినరు. "ఇక్కడ వండుకోండి" అంటే ఆగుతారు. దీనికి ఫారెస్టు వాళ్ళ అనుమతి, పంచాయతీ నీళ్ళు కావాలి. రెండిటికీ అర్జీలు సిద్ధంగా ఉన్నాయి, సమాఖ్య సంతకం ఒక్కటే తక్కువ.

మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు ప్రతిపాదనలూ ఓటుకు వస్తాయి. అప్పు ఆపాలన్నది ఒకటి, ముందు చెప్పి తోడు పోవాలన్నది రెండోది. కొండకు దూరంగా ఉన్న తర్లుపాడు, మార్కాపురం వైపు సంఘాల అక్కలు కూడా ఓటు వెయ్యాలి, గుండ్లకమ్మ మీ వైపూ వస్తుంది గదా. ముగ్గుపిండి పటం నమూనా కాగితాలు బయట బల్ల మీద ఉన్నాయి. గ్రామ సంఘానికి ఒకటి చొప్పున తీసుకెళ్ళండి. దీపావళి దాటాక జరిగే మొదటి మీటింగుకు నింపి, మీ ఊరి మూడు ఫోను నంబర్లతో సహా సమాఖ్య ఆఫీసులో ఇవ్వండి.